నెలాఖరు ఆఫరు, 38.5 బీఎంఐ: ఒక బేరియాట్రిక్ కేసు

నేను సర్జన్‌ని కాదు. బరువు తగ్గే (బేరియాట్రిక్) ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లను ముందూ, తర్వాతా చూసే ఫిజీషియన్‌ని. ఈ కేసులో ఆపరేషన్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అది మామూలుగానే జరిగింది. దానికి ముందు గడిచిన ఐదు నెలల కోసమే ఇది రాస్తున్నాను. ఆ నెలల్లో ఒక తప్పు జరిగింది. అది నాదే. వయసు, ఉద్యోగం, కుటుంబ వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను.

నేపథ్యం

ఆమెకు నలభై దాటాయి. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఎత్తు 162 సెంటీమీటర్లు, మొదటి రోజు బరువు 101 కిలోలు, బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 38.5. టైప్ 2 డయాబెటిస్ ఏడేళ్లుగా ఉంది. రెండు రకాల మాత్రలు పూర్తి డోసులో వాడుతున్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.9 ఉంది. బీపీకి ఒక మాత్ర. మోకాళ్ల నొప్పికి దాదాపు రోజూ ఒక పెయిన్ కిల్లర్.

డైటింగ్ ఎన్నిసార్లు చేశారో ఆమెకే లెక్క లేదు. అంతకు ముందు ఏడాది బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ ఐదు నెలలు తీసుకుని తొమ్మిది కిలోలు తగ్గారు. నెలనెలా ఆ ఖర్చు మోయలేక ఆపేశారు. ఆరు నెలల్లో ఏడు కిలోలు తిరిగొచ్చాయి. "నాకు మనోబలం లేదండీ" అన్నారు. అది మనోబలం సంగతి కాదని చెప్పాను. స్టెప్ 1 అనే క్లినికల్ ట్రయల్‌లో ఈ మందు వాడినవాళ్లు 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గారు. మందు ఆపిన ఏడాదికి తగ్గినదాంట్లో దాదాపు మూడింట రెండొంతులు మళ్లీ పెరిగారు. ఆపితే బరువు వెనక్కి రావడం ఊబకాయం అనే జబ్బు స్వభావం.

ఏం కావాలని వచ్చారు

ఆమె సలహా కోసం రాలేదు, సంతకం కోసం వచ్చారు. వేరే ఒక చోట, పొట్టను చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్‌కి తేదీ తీసుకున్నారు. నెలాఖరులోపు డబ్బు కడితే ప్యాకేజీలో డిస్కౌంట్ అట. బ్యాంకు లోన్ ఫారం నింపి ఫైల్లో పెట్టుకున్నారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఒక్కటే తక్కువ. "అన్నీ అయిపోయాయి డాక్టర్ గారూ, మీరు సంతకం పెడితే చాలు." నెలాఖరుకు పదకొండు రోజులుంది.

ఆమె భర్త పక్కన కూర్చుని ఏమీ మాట్లాడలేదు. ఆయన చూపంతా లోన్ ఫారం మీదే ఉంది.

ఇన్సూరెన్స్ ఉందా అని అడిగాను. కార్డు తీయడానికి ఆమె బ్యాగ్ తెరిచారు. కార్డు కంటే ముందు ఒక మాత్రల స్ట్రిప్ బయటపడింది. పదింట్లో రెండే మిగిలాయి. మందుల లిస్టులో ఆ పేరు లేదు.

"ఇవి ఎన్నాళ్లుగా వాడుతున్నారమ్మా?"

"అవి మందులు కాదు కదండీ, గ్యాస్ బిళ్లలు."

రాత్రి రెండు దిండ్లు ఎత్తు పెట్టుకోకపోతే గొంతులోకి పులుపు ఎగదన్నుతుందని, మూడేళ్లుగా ఇంతేనని చెప్పారు. ప్యాకేజీ ఇచ్చినచోట ఈ సంగతి ఎవరూ అడగలేదు, ఈమె చెప్పలేదు.

మొదటి నిర్ణయం: సంతకం ఆపడం

ఆపరేషన్ ఆమెకు అవసరమేనా అన్నదాంట్లో నాకు సందేహం లేదు. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పెట్టిన పాత కొలత ప్రకారం బీఎంఐ 40 దాటినవాళ్లు, లేదా 35 దాటి దానితో పాటు తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్లు అర్హులు. 2022లో వచ్చిన కొత్త గైడ్‌లైన్ ప్రకారం 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా చాలు. 30 నుంచి 35 మధ్య ఉండి షుగర్ లాంటివి ఉన్నా ఆలోచించవచ్చు. ఏ లెక్కన చూసినా ఈమె అర్హురాలే.

నా సందేహమల్లా ఏ ఆపరేషన్ అన్నదే. స్లీవ్‌లో పొట్టలో నాలుగింట మూడు వంతుల పైన కోసి తీసేస్తారు, సన్నని గొట్టంలా మిగులుతుంది. ఆ గొట్టంలో ఒత్తిడి ఎక్కువ. అసలే యాసిడ్ పైకి తన్నేవాళ్లకు అది ఇంకా ముదరవచ్చు. కొందరికి కొన్నేళ్ల తర్వాత దాన్ని బైపాస్‌గా మార్చాల్సి వస్తుంది, అంటే రెండో ఆపరేషన్, రెండో బిల్లు. బైపాస్‌లో పొట్ట పైభాగంలో దాదాపు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా పేగుకి కలుపుతారు. యాసిడ్ తయారుచేసే భాగం చాలావరకు దారికి పక్కన ఉండిపోతుంది. ఇలా యాసిడ్ పైకి తన్నే (రిఫ్లక్స్) బాధ ఉన్నవాళ్లకు మామూలుగా ఇదే మెరుగు.

కానీ బైపాస్ ఖర్చు ఎక్కువ. పైగా ఆ తర్వాత ఆమె రోజూ వేసుకునే పెయిన్ కిల్లర్ వేసుకోకూడదు, కలిపిన చోట పుండు పడుతుంది. అంటే మోకాళ్లకు వేరే దారి చూడాలి. ఎండోస్కోపీ చేయకుండా ఈ రెండింట్లో ఒకటి తేల్చడం ఊహాగానమే అవుతుంది.

ఇదంతా చెప్పి, సంతకం ఇప్పుడు పెట్టలేనన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. డిస్కౌంట్ పోతుందన్న బాధ కంటే, ఇన్నాళ్లకు కూడగట్టుకున్న ధైర్యం జారిపోతుందేమోనన్న భయం అందులో ఎక్కువగా కనిపించింది. అలాంటప్పుడు 'ఆగండి' అనే మాట 'వద్దు' అన్నట్టే వినిపిస్తుంది. అందుకే ఆ రోజే తర్వాతి మూడు అపాయింట్‌మెంట్ల తేదీలు రాసి చేతిలో పెట్టాను. ఖాళీ చేతులతో పంపి ఉంటే ఆ తేదీకే అక్కడికే వెళ్లిపోయేవారని ఇప్పటికీ అనుకుంటాను.

నా తప్పు

ఆమెకున్నది ఉద్యోగ సంస్థ తీసిన గ్రూప్ పాలసీ. పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ లేదు. అయితే ఈ ఆపరేషన్‌కి ఎలాగూ ఇవ్వరని ఎవరో చెబితే ఆమె అసలు అడగనే లేదు. నేను అడుగుదామన్నాను. ఓపీ హడావిడిలో, పేషెంట్లు బయట వెయిట్ చేస్తుండగా, రెండు లైన్ల లెటర్ రాసేశాను: ఊబకాయం, బీఎంఐ 38.5, బరువు తగ్గించే శస్త్రచికిత్స అవసరం.

వారం తిరక్కుండా తిరస్కరించారు. బరువు తగ్గించే చికిత్సలు పాలసీలో మినహాయింపు అన్నారు. వాళ్లన్నది నిజమే. నా లెటర్‌లో షుగర్ ప్రస్తావనే లేదు. ఆ మినహాయింపు కిందే ఇంకో పేరా ఉంది: బీఎంఐ 35 దాటి, అదుపులో లేని డయాబెటిస్ గానీ తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగే జబ్బు) గానీ ఉండి, ఇతర పద్ధతులు విఫలమైనట్టు రికార్డు ఉంటే ఈ మినహాయింపు వర్తించదు. నేను పాలసీ చదవకుండా రాశాను. మా ఇన్సూరెన్స్ డెస్క్‌లో పనిచేసే ఆవిడ ఆ పేరా కింద పెన్నుతో గీత గీసి నా ముందు పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు.

ఆ ఒక్క తిరస్కరణ ఖరీదు పెద్దది. ఇక్కడితో తేలిపోయిందని ఇంట్లో వాళ్లంతా అనుకున్నారు. ఆమె అన్నయ్య డబ్బిస్తానని ముందుకొచ్చారు, కానీ ప్రతి ఆదివారం బరువు ఎంతో చెప్పమన్నారట. "అప్పు తీర్చగలను గానీ డాక్టర్ గారూ, వారం వారం వాడికి కిలోల లెక్క చెప్పలేను" అన్నారు. నాకు అది మొండితనం అనిపించలేదు. ఈ ఆపరేషన్ తర్వాత బరువు కొన్ని వారాలు కదలకుండా నిలిచిపోవడం మామూలే. అలాంటి వారాల్లో డబ్బిచ్చిన మనిషికి జవాబు చెప్పుకోవాల్సి రావడం చిన్న టెన్షన్ కాదు. లోన్ సంగతి చూస్తే, ప్యాకేజీ మొత్తం ఆమె చేతికొచ్చే జీతం ఏడు నెలలది. రెండేళ్ల వాయిదాల్లో నెలకి జీతంలో మూడో వంతు పైనే పోతుంది.

ప్యాకేజీలో లేనివి

ఇక్కడ నేను చేసిన ఒక మంచి పని ఉంది, దాన్ని కూడా ఆమె భర్తే మొదలుపెట్టారు. "ఆపరేషన్‌కి ఇంత అన్నారు. తర్వాత ఎంత?" అని అడిగారాయన. అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. కాగితం తీసుకుని మూడు గడులు గీశాం: ముందు, ఆసుపత్రిలో, తర్వాత.

'ముందు' గడిలో ఎండోస్కోపీ, స్లీప్ స్టడీ, రక్తపరీక్షలు, డైటీషియన్ ఫీజు చేరాయి. 'ఆసుపత్రిలో' గడి చిన్నదే, అందరూ మాట్లాడేది దాని గురించే. 'తర్వాత' గడి కాగితం వెనక్కి కూడా పాకింది. మల్టీవిటమిన్, కాల్షియం సిట్రేట్, డి విటమిన్, బి12, ఐరన్ జీవితాంతం. మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపైన ఏటేటా రక్తపరీక్షలు. పిత్తాశయంలో రాళ్లు పడకుండా మొదటి ఆరు నెలలు ఒక మందు. ప్రోటీన్ పౌడర్. జీతం రాని సెలవు రోజులు. వాంతులతోనో డీహైడ్రేషన్‌తోనో మళ్లీ అడ్మిట్ కావాల్సొస్తే ఆ ఖర్చు. వేలాడే చర్మానికి చేసే సర్జరీని సాధారణంగా కాస్మెటిక్ అంటారు, దానికి ఇన్సూరెన్స్ ఇవ్వరని అదీ రాశాం. షుగర్ మందులు తగ్గితే మిగిలేదాన్ని ఎదురు వరసలో వేశాం, కానీ దాన్ని నమ్ముకోవద్దన్నాను. షుగర్ తగ్గడం చాలామందిలో చూస్తాం. ఏడేళ్ల పాత షుగర్ ఎంత తగ్గుతుందో మాత్రం ముందే చెప్పలేం.

ఇంజెక్షన్ మళ్లీ మొదలుపెడితే ఎంతవుతుందో కూడా పక్కనే లెక్కేశాం. నెల ఖర్చుతో ఆపరేషన్ మొత్తాన్ని భాగిస్తే రెండేళ్ల లోపే ఇంజెక్షన్ ఖర్చు దాటిపోతోంది. ఈ లెక్కను నేను కాస్త అనుమానంగానే చూస్తాను, ఎందుకంటే మందుల ధరలు మారతాయి, కోసి కుట్టిన పేగు మారదు. ఆమె విషయంలో మాత్రం అది పనికొచ్చింది. ఒకసారి ఖర్చుకి తట్టుకోలేక ఆపేసిన మనిషి, అదే ఖర్చు ఏళ్ల తరబడి పెట్టగలనని తనే అనుకోవడం లేదు.

ఒక షరతు పెట్టుకున్నాం. 'తర్వాత' గడిలో మొదటి ఏడాది మొత్తం విడిగా పక్కన పెట్టాకే ఆసుపత్రికి అడ్వాన్స్ కట్టాలి.

పరీక్షలు, మధ్యలో ఒక మెలిక

ఎండోస్కోపీలో అన్నవాహిక కింది భాగం ఒరిసిపోయి ఉంది, చిన్న హయాటస్ హెర్నియా (పొట్ట పైభాగం ఛాతీలోకి జారడం) కూడా కనిపించింది. పొట్టలో పుండ్లు తెచ్చే హెచ్ పైలోరీ బ్యాక్టీరియా పాజిటివ్, దానికి రెండు వారాల కోర్సు ఇచ్చాం. రిపోర్టు చూసిన మా సర్జన్ స్లీవ్ వద్దని ఒక్క మాటలో తేల్చారు. స్లీప్ స్టడీలో గంటకి 38 సార్లు శ్వాస ఆగడమో తగ్గడమో జరుగుతోంది. 30 దాటితే తీవ్రమైనదే. నిద్రలో గాలి ఒత్తిడితో శ్వాస ఆగకుండా చూసే సీప్యాప్ మెషిన్ అద్దెకు తెప్పించాం. ఈ సంగతి తెలియకుండా మత్తు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే, ఆ ఫిట్‌నెస్ సంతకం గుర్తొచ్చి ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.

తర్వాత డైటీషియన్ పర్యవేక్షణలో మూడు నెలల ప్రోగ్రామ్. ఇన్సూరెన్స్ కోసం రికార్డు కావాలన్నది ఒక కారణం. ఆపరేషన్ తర్వాత ఎలా తినాలో ముందే అలవాటు కావాలన్నది రెండో కారణం. ఆమె బాగా చేశారు. రెండు నెలలకు 96 కిలోలు, బీఎంఐ 36.6.

ఆ తర్వాతి రెండు వారాల్లో ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. డైరీలో నడక గడులు ఖాళీగా ఉన్నాయి. ఒంట్లో బాగాలేదా అంటే తల అడ్డంగా ఊపారు. కాసేపటికి అసలు సంగతి చెప్పారు.

"ఇంకో నాలుగైదు కిలోలు తగ్గితే 35 కిందికి పోతాను కదా డాక్టర్ గారూ. అప్పుడు డబ్బు రాదు కదా."

ఇన్నేళ్లలో బరువు తగ్గుతానేమోనని భయపడిన పేషెంట్‌ని నేను చూడటం అదే మొదటిసారి. తప్పు ఆమెది కాదు. లెక్క నిజంగానే అలా ఉంది. వైద్యపరంగా 34 దగ్గర కూడా ఆమె అర్హురాలే. గైడ్‌లైన్ 2022లో మారింది, పాలసీ కాగితం మాత్రం 1991 దగ్గరే ఉంది. బాగుపడితే ఇవ్వం, బాగుపడటానికి ప్రయత్నించకపోయినా ఇవ్వం అన్నట్టుంది ఆ కాగితం వరస.

మాకు కనిపించిన దారులు మూడు. వెంటనే దరఖాస్తు పెట్టొచ్చు, కానీ ప్రోగ్రామ్ పూర్తి కాలేదు, మళ్లీ తిరస్కరిస్తే మూడోసారి అడగడం కష్టం. బరువు అక్కడే ఆపమని చెప్పొచ్చు, అది డాక్టర్ చెప్పాల్సిన మాట కాదు. మూడోది, అడగడం. ఏ రోజు బరువును లెక్కలోకి తీసుకుంటారు, ప్రోగ్రామ్ మొదట్లోదా, దరఖాస్తు రోజుదా అని ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా రాశాం. ఫోన్లో ఎవరో చెప్పే మాట మీద ఆధారపడొద్దని మా డెస్క్ ఆవిడ పట్టుబట్టారు. తొమ్మిది రోజులకు జవాబొచ్చింది: పర్యవేక్షణ మొదలైన రోజు బరువే. ఆ ఈమెయిల్ ప్రింట్ తీసి ఆమె చేతికిచ్చాం. మర్నాటి నుంచి డైరీలో నడక గడులు మళ్లీ నిండాయి.

ఇదే సమయంలో హెచ్‌బీఏ1సీ 7.7కి దిగింది. ఆమె భర్త మొహమాటపడుతూనే, పాత నంబరే రాయొచ్చు కదా అన్నారు. కుదరదన్నాను. ఇన్సూరెన్స్ వాళ్లు చదివే రికార్డునే మత్తు డాక్టర్ కూడా చదువుతారు. పైగా ఒక్క అబద్ధం బయటపడితే క్లెయిమ్ మాత్రమే పోదు, పాలసీ మీదికే రావచ్చు. రెండు నంబర్లూ తేదీలతో రాశాం. ఆప్నియా ఎలాగూ తీవ్రంగానే ఉంది, కేసు దాని మీద నిలబడుతుందని లెక్క వేశాం.

రెండో లెటర్

ఈసారి మూడు పేజీలు. 'బరువు తగ్గడానికి' అన్న మాట ఎక్కడా రాలేదు. ఏ జబ్బు ఎన్నాళ్లుగా ఉంది, ఏ మందు ఎంత డోసులో ఎన్ని నెలలు వాడారు, ఫలితం ఏమిటి, ఇంజెక్షన్ ఎప్పుడు మొదలుపెట్టి ఎందుకు ఆపారు, స్లీప్ స్టడీ అంకె, ఎండోస్కోపీ చూసి స్లీవ్ కాకుండా బైపాస్ ఎందుకు ఎంచుకున్నాం, ఇవన్నీ వరసగా రాశాం. పాలసీలోని ఆ పేరా నంబరు వేసి, దానిలోని ఒక్కో షరతు ఎదురుగా ఒక్కో కాగితం జతచేశాం. కొత్త కళ ఏమీ లేదు. మొదటిసారే ఇలా రాయాల్సింది.

ఆమోదం వచ్చింది, పూర్తిగా కాదు. ఆపరేషన్‌కి ఒక పరిమితి, గది అద్దెకు ఇంకో పరిమితి. గది అద్దె దాటితే మిగతా బిల్లు కూడా అదే నిష్పత్తిలో కోస్తారన్న సంగతి డెస్క్ ఆవిడ ముందే చూసి, ఆమె అడిగిన పెద్ద గదిని మార్పించారు. చివరికి బిల్లులో దాదాపు మూడింట రెండొంతులు కంపెనీ కట్టింది. మిగిలింది కొంత పొదుపు నుంచి, కొంత చిన్న లోన్. అన్నయ్య డబ్బు తీసుకోలేదు.

ఆపరేషన్, ఆ తర్వాత

లివర్ సైజు తగ్గడానికి ముందు రెండు వారాలు తక్కువ కేలరీల ఆహారం ఇచ్చాం. బైపాస్ రోజు బరువు 93. మూడో రోజు ఇంటికి వెళ్లారు.

రెండో నెలలో మూడు రోజులు వాంతులై వచ్చారు. అలా వచ్చినవాళ్లకు గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ (బి1 విటమిన్) ఇవ్వాలి, లేకపోతే మెదడుకు ప్రమాదం. ఈ జాగ్రత్త కాగితం మీద రాసి ముందే ఇచ్చి ఉన్నాం. ఆమె ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే అదే చూపించారు. ఒక రాత్రి ఉంచి పంపాం. పక్కన పెట్టిన డబ్బు మొదటిసారి అప్పుడే అక్కరకొచ్చింది. నాలుగో నెలలో జుట్టు బాగా రాలింది, తర్వాత దానంతటదే తగ్గింది. మోకాళ్లకు పారాసిటమాల్, ఫిజియోథెరపీ. నొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు.

పద్దెనిమిది నెలలకు 71 కిలోలు. హెచ్‌బీఏ1సీ ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్ర మీద 6.1. స్లీప్ స్టడీ మళ్లీ చేస్తే గంటకి 7, మెషిన్ వెనక్కి ఇచ్చేశారు. ఒక్క దిండుతో పడుకుంటున్నారు.

కానీ పద్నాలుగో నెలలో ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ 9కి పడిపోయింది. మేం పక్కన పెట్టించింది ఏడాది డబ్బే. పన్నెండో నెల దాటాక ఇంట్లో వేరే ఖర్చు వచ్చి విటమిన్లు, ఐరన్ రెండు నెలలు మానేశారట, అడిగితే తప్ప చెప్పలేదు. ఐరన్ నరం ద్వారా ఎక్కించాల్సి వచ్చింది. ఒక ఏడాది అని నేనెందుకు అన్నానో నాకే సరిగా గుర్తులేదు, బహుశా గుండ్రంగా ఉందని. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లకు రెండేళ్లు అంటున్నాను, ఆ తర్వాత నెలకి ఎంతవుతుందో విడిగా రాసిస్తున్నాను. ఇన్సూరెన్స్ లెటర్ రాసే ముందు పాలసీ కాపీ అడుగుతున్నాను. మందుల లిస్టు కాకుండా బ్యాగ్‌లో ఏమున్నాయని కూడా అడుగుతున్నాను, కొందరు విచిత్రంగా చూస్తారు.

పోయిన వారం ఆమె మూడు గడుల కాగితం పట్టుకుని వచ్చారు, మడతల దగ్గర చిరిగిపోయింది. ఉద్యోగం మారుతున్నారు. కొత్త సంస్థ పాలసీ ఎలా ఉంటుందో ఇంకా తెలియదు. పాతది ఈ నెలాఖరుతో ఆగిపోతుంది. రక్తపరీక్షలు, ఎముకల సాంద్రత స్కాన్ ఈలోపే చేయిద్దామని రాసిచ్చాను. ఈసారి నెలాఖరుకు ఇరవై రోజులుంది.